దేనికి ధర కడితే అదే పండుతుంది

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పన్నులు, చెల్లింపులు, వేలాలు, కోటాలతో (వీటినే 'మార్కెట్ ఆధారిత' మార్గాలంటారు) సాగును ప్రకృతి వైపు తిప్పవచ్చా అన్న విషయం మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: వాగుల్నీ చిత్తడి నేలల్నీ పక్షుల్నీ అంగట్లో పెట్టడానికే కదా ఈ 'మార్కెట్ ఆధారిత' పేరు? చెయ్యకూడని పనిని చట్టం పెట్టి ఆపేస్తే పోదా?

జవాబు: అంగట్లో పెట్టేది వాగును కాదు. వాగు ఒడ్డున పది మీటర్ల మేర దున్నకుండా వదిలేస్తే రైతుకు పోయే రాబడిని ఎవరు భరించాలన్నదే అసలు సంగతి. గింజకు ధర ఉంది. వాగు నీరు తేటగా ఉన్నందుకు రైతుకు ఎవరూ ఏమీ ఇవ్వరు. అందులోకి నత్రజని వదిలినందుకు ఎవరూ ఏమీ అడగరు. అలాంటప్పుడు రైతు గింజనే చూసుకుంటాడు. అందులో తప్పు పట్టడానికీ లేదు.

నిషేధాలు వద్దని మేం అనం. కొంచెం వాడినా ప్రాణం తీసే మందును, మిగిలిన ఒకే ఒక్క చిత్తడి నేలను ఎండగట్టడాన్ని నిషేధించాల్సిందే. కానీ ఒకే ఫలితానికి ఒక రైతుకు వంద, పక్క రైతుకు వెయ్యి ఖర్చయ్యే చోట అందరికీ ఒకే నిబంధన పెడితే, వెయ్యి ఖర్చయ్యేవాడు ఎదురు తిరుగుతాడు. వంద ఖర్చయ్యేవాడు ఇంకా చెయ్యగలిగి ఉండీ నిబంధన దగ్గరే ఆగిపోతాడు. ధరకు పని ఉండేది అక్కడ. అది నాలుగు దారుల్లో వస్తుంది: చెరుపు మీద పన్ను, మేలుకు చెల్లింపు, మొత్తానికి ఒక హద్దు గీసి ఆ లోపల కోటాల అమ్మకం, చెరుపుకు ఇప్పటికే ఇస్తున్న రాయితీని ఎత్తేయడం. ఈ నాలుగో దారిని చాలామంది లెక్కలోకే తీసుకోరు.

ప్రశ్న: రాయితీలు ముందు తీసేయాలా, ప్రకృతి చెల్లింపులు ముందు మొదలుపెట్టాలా?

జవాబు: తీసేయడమే ముందు. కనీసం ఆ రాయితీకీ దిగుబడికీ ఉన్న ముడిని తెంచాలి. లేకపోతే ప్రభుత్వం తన మీద తానే వేలం పాడుకుంటుంది: ఒక శాఖ సాగు విస్తీర్ణం పెంచమని డబ్బిస్తుంది, ఇంకో శాఖ అదే పొలాన్ని బీడు వదలమని అంతకంటే ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది.

న్యూజీలాండ్ దీనికి మంచి పాఠం, రెండు వైపులా. 1984లో అక్కడి ప్రభుత్వం గొర్రెల పెంపకందార్లకు ఇచ్చే కనీస ధర హామీని, ఎరువుల రాయితీని, కొత్త భూమి చదును చేసుకునే చౌక రుణాలను వరసగా ఎత్తేసింది. 1980ల మొదట్లో ఆ దేశంలో దాదాపు 7 కోట్ల గొర్రెలుండేవి. ఇప్పుడు 3 కోట్ల లోపే. రాయితీ ఉన్నంతకాలం మాత్రమే గిట్టుబాటయ్యే నిటారు కొండవాలులు మళ్లీ పొదలకో పైన్ తోటలకో పోయాయి. ఇంతవరకూ బాగుంది. తర్వాత పాలకు గిరాకీ వచ్చింది, మైదానాలు పాడి ఫారాలయ్యాయి, నేలలోకీ నదుల్లోకీ నైట్రేట్ (ఎరువు, పెంటల్లోని నత్రజని నీటిలో కరిగే రూపం) చేరింది. రాయితీ పోయింది గానీ కాలుష్యానికి ధర రాలేదు మరి. రాయితీ తీసేయడం సగం పనేనని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

యూరప్ ఇంకో దారిలో పోయింది. 1992లో ధరల మద్దతు తగ్గించి విస్తీర్ణాన్ని బట్టి చెల్లింపులు పెట్టారు. 2003 సంస్కరణలో ఆ చెల్లింపులకు చాలావరకు పంటతో సంబంధం తెంచారు. 2013లో నేరు చెల్లింపుల్లో (రైతుకు ఏటా నేరుగా ఇచ్చే ప్రభుత్వ సొమ్ములో) 30 శాతాన్ని 'పచ్చని' షరతులకు ముడిపెట్టారు: పంటల వైవిధ్యం, శాశ్వత పచ్చికను కాపాడటం, 5 శాతం భూమిని ప్రకృతికి కేటాయించడం. 2017లో యూరోపియన్ యూనియన్ ఖర్చులను తనిఖీ చేసే యూరప్ ఆడిటర్ల కోర్టు లెక్క తీస్తే, ఈ షరతుల వల్ల సాగు పద్ధతి నిజంగా మారింది దాదాపు 5 శాతం భూమిలోనే. కారణం కనిపెట్టడం కష్టం కాదు. బేరసారాల్లో షరతులను ఎంత కిందికి దించారంటే, చాలామంది రైతులు ఏమీ మార్చకుండానే అర్హులైపోయారు. ఆ 5 శాతం భూమిలో కూడా చిక్కుడు జాతి పంటలు వేస్తే సరే అన్నారు. 2023 నుంచి నేరు చెల్లింపుల్లో కనీసం 25 శాతం 'ఎకో స్కీము'లకు, అంటే ప్రకృతికి మేలు చేసే పనులు ఇష్టపడి చేసే రైతులకిచ్చే పథకాలకు, పోవాలంటున్నారు. పాత రోగం మళ్లీ రాకుండా చూడాల్సింది దేశాలే.

రాయితీ దించేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు మధ్యలో ఖాళీ వదలడం. ఇంగ్లండ్ 2021 నుంచి నేరు చెల్లింపులను ఏటేటా తగ్గిస్తూ, ఆ డబ్బును నేలకూ కంచెపొదలకూ పూలపట్టీలకూ ఇచ్చే పథకాల వైపు మళ్లించింది. ఆలోచన మంచిదే. కానీ 2025 మార్చిలో కేటాయించిన సొమ్ము అయిపోయిందని కొత్త దరఖాస్తులను ఒక్కసారిగా ఆపేశారు. పాత డబ్బు పోయి కొత్తది రాని రైతు ఏం చేస్తాడు? ఉన్న పొలాన్నే ఇంకాస్త పిండుకుంటాడు. కొత్త పథకం నిలదొక్కుకుని, దానికి అయిదేళ్ల నిధి ఖాయమయ్యాకే పాతదానికి కోత పెట్టాలి. కోత ఎప్పుడెంతో మొదటి రోజే ప్రకటించాలి.

ప్రశ్న: ఎరువు మీద పన్ను వేస్తే వాడకం తగ్గదా? ఇంత చర్చ ఎందుకు?

జవాబు: తగ్గుతుంది, కానీ కొంచెమే. స్వీడన్ 1984 నుంచి పాతికేళ్లు, ఆస్ట్రియా 1986 నుంచి 1994 వరకు ఎరువు మీద పన్ను వేసి చూశాయి. ధర పది శాతం పెరిగితే వాడకం సాధారణంగా రెండు నుంచి అయిదు శాతమే తగ్గుతుంది. దిగుబడి పోతుందన్న భయం ముందు ఎరువు ధర చిన్నదైపోతుంది కాబట్టి.

అంతకన్నా పెద్ద చిక్కు, ఆ పన్ను తప్పుచోట పడుతుంది. గింజలోకి చేరిన కిలో నత్రజనికీ, వాగులోకి పోయిన కిలోకీ ఒకే పన్ను. ఇద్దరు గోధుమ రైతులను తీసుకోండి. ఇద్దరూ హెక్టారుకు ఎరువు రూపంలో 140 కిలోలు, పశువుల పెంట రూపంలో 60 కిలోలు, మొత్తం 200 కిలోల నత్రజని వేశారు. మొదటివాడికి 6 టన్నులు పండింది. గింజలో నత్రజని సుమారు 2 శాతం అనుకుంటే 120 కిలోలు పొలం దాటి బయటికి పోయాయి, 80 మిగిలాయి. రెండోవాడు అదనుకు వేశాడు, విడతలుగా వేశాడు, 8 టన్నులు తీశాడు. 160 బయటికి పోగా అతనికి మిగిలింది 40. ఎరువు పన్ను ఇద్దరికీ ఒకటే. అదే 50 కిలోల మిగులు వరకు మాఫీ ఇచ్చి, దాటిన కిలోకు ఇంతని లెవీ పెడితే, మొదటివాడు 30 కిలోలకు కడతాడు, రెండోవాడు ఏమీ కట్టడు. చెరుపు చేసేది మిగులు. లెవీ పడాల్సింది దాని మీద.

నెదర్లాండ్స్ 1998 నుంచి 2005 చివరి వరకు సరిగ్గా ఇదే చేసింది. ఫారం గేటు దగ్గర లెక్క: లోపలికి వచ్చిన దాణా, ఎరువు, పశువులు ఒకవైపు, బయటికి పోయిన పాలు, మాంసం, పంట, పెంట ఇంకోవైపు. తేడా హద్దు దాటితే లెవీ. చివరికొచ్చేసరికి అది నత్రజని కిలోకు 2 యూరోల పైన, ఫాస్ఫేట్ కిలోకు 9 యూరోలు. పాడి ఫారాల్లో మిగులు బాగా తగ్గింది. పందులు, కోళ్ల ఫారాల దగ్గర బెడిసింది. వాటికి సొంత భూమి తక్కువ, పెంటంతా లారీల్లో బయటికి పంపాలి. లారీలో పెంట అడుగున చిక్కగా, పైన పల్చగా ఉంటుంది. నమూనా ఎక్కడ తీశారన్నదాన్ని బట్టి పోషకాల లెక్క మారిపోతుంది, దానితోపాటు కట్టాల్సిన లెవీ కూడా. కొలతలో పొరపాట్లకు కొలతలో మోసాలు తోడయ్యాయి. 2003లో యూరప్ న్యాయస్థానం, పొలంలో ఎంత వేయాలో హద్దు పెట్టకుండా మిగులు మీద లెవీ మాత్రమే పెడితే, సాగు నైట్రేట్ నుంచి నీటిని కాపాడే యూరప్ నైట్రేట్ చట్టం కింద చెల్లదంది. 2006లో వాడకపు హద్దులు వచ్చాయి. లెక్క మంచిదే, తూకమే నిలబడలేదు. అందుకే లెవీ మొదలుపెట్టే ముందు ఆరా తీయాల్సింది రేటు గురించి కాదు, నమూనా ఎవరు తీస్తారు, ఎక్కడ తీస్తారు, ఏడాది చివర కొట్టులో మిగిలిన నిల్వను ఎలా లెక్కిస్తారు అన్న వాటి గురించి.

పురుగుమందుల విషయంలో డెన్మార్క్ నేర్చుకున్నది కూడా చెప్పాలి. 1996లో అక్కడ పన్నును మందు ధరలో శాతంగా పెట్టారు. దాంతో చవకైన, ప్రమాదకరమైన మందుకు తక్కువ పన్ను పడింది! 2013లో పద్ధతి మార్చి, మనుషుల ఆరోగ్యానికి, నీటికి, ఇతర జీవులకు ఆ మందు చేసే హానిని బట్టి పన్ను కట్టారు. మార్పు ముందుగా తెలిసిన రైతులు పాత ధరకే కొని నిల్వ చేసుకున్నారు. అందుచేత మొదటి ఒకటి రెండేళ్ల అమ్మకాల అంకెలు చూసి పన్ను పనిచేసిందనో చెయ్యలేదనో తేల్చకూడదు.

ప్రశ్న: ప్రకృతి కోసం పొలం వదిలినవారికి అందరికీ సమానంగా హెక్టారుకు ఇంతని ఇవ్వడం న్యాయం కదా? వేలం పాట ఎందుకు?

జవాబు: సమానంగా ఇస్తే ఎలాగూ పండని రాళ్ల నేలలు ముందుగా వచ్చి చేరతాయి. వాటిని వదిలితే రైతుకు నష్టం లేదు, ప్రకృతికి లాభమూ అంతంతే. మంచి వాగొడ్డు నేల ఉన్నవాడికి ఆ రేటు చాలదు, రాడు.

ఇక్కడ జరిగేది తిరగేసిన వేలం: రైతులు సీల్డ్ కవరులో తమకెంత కావాలో రాస్తారు. పని జరిగే తీరు ఇది. ముందు అధికారి పొలానికి వెళ్లి ఏ జాతుల మొక్కలున్నాయి, పక్క అడవితో కలుస్తుందా, వాగుకు ఎంత దూరం అని చూసి మార్కులు వేస్తాడు. తర్వాత రైతు ఏ పనులు చేస్తానంటాడో (కంచె వేయడం, పశువులను ఆపడం, కలుపు చెట్లు తీయడం) వాటిని బట్టి పెరిగే మార్కులు కడతారు. ఆ తర్వాతే కవరు. ఉదాహరణకు చేతిలో 8,000 ఉంది. మొదటి రైతు 120 మార్కులకు 6,000 అడిగాడు, మార్కుకు 50. రెండో రైతు 40 మార్కులకు 1,600, మార్కుకు 40. మూడో రైతు 200 మార్కులకు 14,000, మార్కుకు 70. నాలుగోవాడు 5 మార్కులకు 500. అందరికంటే తక్కువ అడిగింది నాలుగోవాడే, కానీ మార్కుకు 100 పడుతుంది, అతనిదే అన్నిటికంటే ఖరీదైన కవరు. రెండో, మొదటి రైతులను తీసుకుంటే 7,600తో 160 మార్కులొస్తాయి.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2001లో 'బుష్ టెండర్' పేరుతో స్థానిక అడవి తుంపుల కోసం ఇలాంటి వేలం పెట్టింది. వేలంలో దాదాపు 4 లక్షల డాలర్లతో దక్కిన ఫలితం, ఒకే రేటు పద్ధతిలో కొనాలంటే 27 లక్షల దాకా అయ్యేదని దాన్ని రూపొందించిన ఆర్థికవేత్తలు లెక్కగట్టారు.

చెడేది ఎక్కడంటే, మళ్లీ మళ్లీ పెట్టినప్పుడు. అమెరికాలో 1985 చట్టంతో వచ్చిన భూ సంరక్షణ కార్యక్రమంలో (పొలాన్ని సాగు మాన్పించి, అందుకు ప్రభుత్వం అద్దె ఇచ్చే పథకం) మొదట ప్రాంతానికి ఒక గరిష్ఠ అద్దె పెట్టారు. రెండు మూడు విడతల్లో అదెంతో రైతులు పసిగట్టి, అందరూ ఆ అంకె దగ్గరే కోట్ చేశారు. అది పేరుకే వేలంగా మిగిలింది. 1990 చట్టం తర్వాత పర్యావరణ ప్రయోజన సూచీ తెచ్చి, ధరతోపాటు ఫలితానికీ మార్కులిచ్చారు. రెండో దెబ్బ ఇంకా గట్టిది. ఒప్పందాలు 10 నుంచి 15 ఏళ్లవి. 2007లో 3.68 కోట్ల ఎకరాలు పథకంలో ఉండేవి. మొక్కజొన్న ధర ఎగిరింది, గడువు తీరిన ఒప్పందాలను రైతులు పొడిగించుకోలేదు, ఏళ్ల తరబడి పెరిగిన పచ్చిక ఒక్క దుక్కిలో పోయింది. అద్దెను పంట ధరతో కదిలేలా కట్టాలి. గడువులన్నీ ఒకే ఏడు తీరకుండా విడదీయాలి. నిజంగా విలువైన ముక్క అయితే అద్దె మాట మానేసి, శాశ్వత హక్కునే కొనేయాలి. ఇక కవర్లు నాలుగయిదే వచ్చే చిన్న చోట వేలం పెట్టకండి, అందరూ కూడబలుక్కుంటారు.

ప్రశ్న: పనికి డబ్బివ్వాలా, ఫలితానికా?

జవాబు: కళ్లకు కనిపించి, రైతు చేతిలో ఉన్న ఫలితమైతే ఫలితానికే. జర్మనీలోని బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2000 నుంచి పచ్చికబీళ్లకు ఇలా ఇచ్చింది: 28 రకాల పూలమొక్కల జాబితా, పొలానికి అడ్డంగా మూలనుంచి మూలకు నడుస్తూ, ఆ దారిని మూడు ముక్కలు చేసి, ప్రతి ముక్కలోనూ కనీసం నాలుగు రకాలు కనిపించాలి. ఎప్పుడు కోయాలో, ఎంత పెంట వేయాలో ఎవరూ చెప్పలేదు. ఐర్లండ్‌లోని బరెన్ సున్నపురాతి కొండల్లో పచ్చికకు పదికి మార్కులు వేస్తారు, మార్కు పెరిగితే డబ్బు పెరుగుతుంది. అక్కడి రైతులు మార్కుల గురించి పంట దిగుబడి గురించి మాట్లాడుకున్నట్టే మాట్లాడుకుంటారు. అదే ఆ పథకం బలం.

వలస పక్షుల సంఖ్యకో, నదిలో నైట్రేట్‌కో రైతును బాధ్యుణ్ణి చేస్తే మాత్రం నడవదు. పక్షి ఎక్కడో దారిలో చస్తే ఇక్కడి రైతుకు డబ్బు పోవాలా? అలాంటి చోట పనికి కొంత కనీస చెల్లింపు, పైన ఫలితానికి బోనస్ పెట్టడం మేలు.

ప్రశ్న: నేలలో కర్బనం పెంచితే క్రెడిట్లు కొంటామని కంపెనీలు వస్తున్నాయి. నమ్మవచ్చా?

జవాబు: క్రెడిట్ అంటే నేలలో దాచిన కార్బన్ డయాక్సైడ్‌కు టన్నుల లెక్కన ఇచ్చే, అమ్ముకోదగ్గ పత్రం. ఒప్పందం చదివే ముందు ఈ లెక్క వేసుకోండి. హెక్టారులో పై 30 సెంటీమీటర్ల మట్టి 3,000 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 1.3 టన్నుల చొప్పున 3,900 టన్నుల మట్టి. కర్బనం 0.1 శాతం పెరిగితే (1.0 నుంచి 1.1కి) 3.9 టన్నుల కర్బనం, దాన్ని 3.67తో (కర్బనం బరువును కార్బన్ డయాక్సైడ్ బరువుగా మార్చే అంకె) గుణిస్తే దాదాపు 14.3 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఆ 0.1 పెరగడానికి కొన్నేళ్లు పట్టవచ్చు. అదే పొలంలో రెండు చోట్ల తీసిన నమూనాల మధ్య తేడా అంతకంటే ఎక్కువ ఉండవచ్చు. అందుకే రెండు మూడు నమూనాలతో తేల్చేస్తామనేవారిని నమ్మకండి.

దుక్కి మానేసిన పొలాల్లో ఇంకో మాయ ఉంది. కర్బనం పైపొరలో చేరి, కింది పొరలో తగ్గవచ్చు. పైన మాత్రమే తవ్వితే లాభమే కనిపిస్తుంది. మట్టి గట్టిపడితే అదే 30 సెంటీమీటర్లలో ఎక్కువ మట్టి పడుతుంది, కర్బనం పెరగకున్నా పెరిగినట్టు లెక్కొస్తుంది. లోతుకు బదులు మట్టి బరువుతో సరిపోల్చాలి. ఒప్పందంలో మూడు విషయాలు చూడండి: నమూనాల ఖర్చు ఎవరిది, కరువొచ్చి కర్బనం పోతే తిరిగి కట్టాలా, పదేళ్ల కిందటే దుక్కి మానిన రైతుకు ఏమైనా దక్కుతుందా. చివరిదానికి జవాబు తరచు 'లేదు' అనే ఉంటుంది. ముందే మంచి పని చేసినవాడికి మొండిచెయ్యి.

ప్రశ్న: నీటి హక్కులను అమ్ముకోనిస్తే నీరు ఆదా అవుతుందంటారు. నిజమా?

జవాబు: హద్దు గీశాక నిజం, గీయకముందు అబద్ధం. ఆస్ట్రేలియాలోని మర్రే-డార్లింగ్ నదీ ప్రాంతంలో 1995లో మొత్తం తోడకానికి హద్దు పెట్టారు. అమ్మకాలు తెరుచుకోగానే, లైసెన్సు ఉండి ఏళ్ల తరబడి చుక్క తోడనివారు తమ హక్కును అమ్మేశారు. కాగితం మీద నిద్రపోతున్న నీరు ఒక్కసారిగా పొలాలకెక్కింది. మార్కెట్ తెరిచే ముందు ఇలాంటి నిద్రాణ హక్కులను లెక్కగట్టి కుదించాలి. తర్వాతి కాలంలో ప్రభుత్వమే రైతుల దగ్గర హక్కులు కొని నదికి వదిలింది.

రెండో లొసుగు బిందుసేద్యం లెక్కల్లో ఉంటుంది. కాలువ నుంచి పొలంలోకి వచ్చి కిందికి ఇంకిన నీరు వృథా కాదు, కింది రైతు బావి అది. దాన్ని 'ఆదా' పేరుతో అమ్మేస్తే ఒకే నీటిని ఇద్దరికి అమ్మినట్టు. అమ్మాల్సింది మళ్లించిన నీటిని బట్టి కాదు, ఆవిరై తిరిగి రాని నీటిని బట్టి.

ప్రశ్న: కౌలు రైతుకు ఇందులో ఏం మిగులుతుంది?

జవాబు: విస్తీర్ణానికి ఇచ్చే డబ్బు మెల్లగా కౌలులో కలిసి భూయజమాని దగ్గరికే చేరుతుంది. పనికో ఫలితానికో ఇచ్చే డబ్బు, చేసినవాడి పేరున నేరుగా పడితే కొంత నిలుస్తుంది. ఒప్పందం పదేళ్లు, కౌలు ఏడాది అయితే కౌలుదారు దరఖాస్తే చేయలేడు. కౌలు మారినా మిగిలిన గడువు కొత్తవాడికి బదిలీ అయ్యే వీలు పెట్టాలి.

ప్రశ్న: ఒక చిన్న పరివాహక ప్రాంతంలో, నీళ్లు వాడుకునేవారే రైతులకు చెల్లించేలా ఏర్పాటు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఫ్రాన్స్‌లోని విట్టెల్‌లో 1980ల చివర ఇదే సమస్య వచ్చింది. సీసాల్లో నీళ్లు అమ్మే సంస్థకు ఊటలో నైట్రేట్ పెరగడం కనిపించింది. చట్టం ప్రకారం లీటరుకు 50 మిల్లీగ్రాముల దాకా పర్వాలేదు, తమకు 10 లోపే ఉండాలి. పొలాలు కొనేస్తే సరిపోలేదు, డబ్బిస్తామంటే రైతులు వెంటనే ఒప్పుకోలేదు. నాలుగేళ్ల పరిశోధన, బేరాల తర్వాత కుదిరిన ఒప్పందం ఇలా ఉంది: మొక్కజొన్న మానాలి, పశువులు హెక్టారుకు ఒక యూనిట్ (సుమారు ఒక పెద్ద ఆవు) దాటకూడదు, పెంటను కంపోస్టు చేసే వేయాలి, రసాయన మందులు వద్దు. బదులుగా హెక్టారుకు ఏడాదికి దాదాపు 200 యూరోలు అయిదేళ్లపాటు, కొత్త కొట్టాలకు ఫారానికి 1.5 లక్షల యూరోల దాకా, కంపోస్టు చల్లే కూలి సంస్థదే, గడువు 18 నుంచి 30 ఏళ్లు. 2004 నాటికి అక్కడి 26 ఫారాలూ చేరాయి, 1,700 హెక్టార్లలో మొక్కజొన్న పోయింది.

మీరు చేయాల్సిన క్రమం కూడా దాదాపు ఇదే. కొనేవారు ఎవరో, వారికి నీటిలో ఏ అంకె కావాలో రాయించుకోండి. ఆ అంకెను పాడుచేస్తున్న పొలాలు ఏవో గుర్తించండి. అన్నీ కావు, వాగుకు దగ్గరగా, వాలులో ఉన్న కొన్నే చాలావరకు కారణమై ఉంటాయి. ఒక్కో ఫారానికి మారితే పోయే రాబడిని రైతుతో కూర్చుని లెక్కగట్టండి. కొనేవారు శుద్ధి యంత్రానికి పెట్టాల్సిన ఖర్చు ఆ మొత్తం కంటే తక్కువైతే ఈ బేరం కుదరదు, అక్కడితో ఆపేయండి. ఎక్కువైతే, చెల్లింపులు మొదలుకాక ముందే కనీసం ఒక పూర్తి ఏడాది, వానాకాలం వరద రోజులతో సహా, నీటిని కొలిచి పెట్టుకోండి. మొదటి చెక్కు ఇచ్చాక తీసిన కొలతను 'అంతకుముందుది' అని ఎవరూ ఒప్పుకోరు. భూగర్భంలో దిగిన నైట్రేట్ బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, మొదటి రెండేళ్లలో ఊటలో మార్పు రాకపోయినా చెల్లింపు ఆగదని ఒప్పందంలో ముందే రాసుకోండి.